తువ్వాల కింద మొండివేలు

పోయిన వారం ఆళ్ళగడ్డ సంతలో చెన్నకేశవులు పరువు ఏ గతి పట్టిందో చదివినవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉండి ఉంటారు. చదవనివాళ్ళు నష్టపోకుండా ఆ ముచ్చట క్లుప్తంగా చెప్పాలి. నలభై ఏళ్ళుగా ఎద్దుల బేరాలు కుదిర్చి బతికిన ఆ పెద్దమనిషికి రెండు కళ్ళకూ పొర కమ్మింది. ఆ సంగతి పైకి పొక్కనీయకుండా రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. ఎద్దు నోట్లో వేళ్ళు పెట్టి పళ్ళు తడిమి వయసు చెప్పేవాడు. ఇక బేరమంటారా, అది ఎలాగూ తువ్వాల కిందే. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పి, నోరు విప్పకుండా, పట్టుకున్న వేళ్ళ లెక్కన ధర చెప్పుకోవడం వాళ్ళ ఆచారం. దానికి కళ్ళతో పనేముంది? అలా తడుముకుంటూ తడుముకుంటూ పోయిన సంతలో ఒక ఎద్దును అరగంట బేరమాడి, దాని మూపురాన్ని నోరారా పొగిడి, కొన్నాడు. అది పొద్దున ఆయన కొట్టంలోంచి తలుగు తెంపుకుని పోయిన సొంత ఎద్దు.

"ఏమన్నా, నీ ఎద్దును నువ్వే కొనుక్కున్యావే!" అని మిత్రుడు అమీర్ బాషా సంతంతా వినేటట్టు అడగడంతో గుట్టు రట్టయింది. మర్నాడే భార్య లింగమ్మ ఆయనను నంద్యాల బస్సెక్కించింది. నంద్యాల స్టేషను దగ్గరి సత్రంలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారని ఆమె అప్పటికే విచారించి ఉంచింది.

ఎడమకన్ను సంగతి నిరుడే తేలిపోయింది. ఊళ్ళు తిరిగే సూదుల పాపయ్య అనే వైద్యుడు, "దొర్నిపాడు మీ బావే పంపినాడు నాయనా" అని చెప్పుకుంటూ వచ్చి, ఆ కంట్లో సూది పెట్టాడు. పెట్టగానే నిజంగానే కనబడింది. పన్నెండు రోజులు కనబడింది. పదమూడో రోజు నుంచి ఆ కంటికి పగలూ రాత్రీ ఒకటే అయింది. దొర్నిపాడు బావ అంటే లింగమ్మ అన్న శేషయ్య. ఆయనా ఎద్దుల దళారే. చెన్నకేశవులుకూ ఆయనకూ పదిహేనేళ్ళుగా మాటల్లేవు. కావాలనే తన కన్ను తీయించాడని చెన్నకేశవులు పళ్ళు నూరుకున్నాడు. ఇక మిగిలింది కుడికన్ను ఒక్కటే. దానికే డాక్టరు జయలక్ష్మమ్మ ఆపరేషన్ చేసింది.

ఇది అయిదో రోజు. ఏడో రోజున కట్టు విప్పుతారు.

సత్రం వసారాలో ఊళ్ళో వాళ్ళు అరువిచ్చిన నులకమంచాలు వరసగా వేశారు. పన్నెండో మంచం మీద చెన్నకేశవులు వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక కన్ను కదిలితే రెండోదీ కదులుతుందని రెండు కళ్ళకూ కట్టు కట్టారు. తల అటూ ఇటూ దొర్లకుండా చెవుల పక్కన ఇసుక సంచులు పెట్టారు. కాంపౌండరు అబ్రహాము పొద్దునా సాయంత్రమూ వచ్చి నియమాలు వల్లె వేసి పోతున్నాడు. దగ్గకూడదు. తుమ్మకూడదు. నమలకూడదు. నవ్వకూడదు, ఏడవకూడదు, కోపం అసలే కూడదు. గట్టిగా మాట్లాడకూడదు, గుసగుసల్లో మాత్రమే మాట్లాడాలి.

"సచ్చినోడు గూడా ఇంత కుదురుగా పండుకోడు గదప్పా!" అన్నాడు చెన్నకేశవులు మొదటి రోజు.

"సచ్చినోనికి కన్ను పోతుందని భయం లేదు పెద్దాయనా. కంట్లో కుట్టు వెంటిక కన్నా సన్నం. తెగిందా, మళ్ళీ అతికేది లేదు," అన్నాడు అబ్రహాము.

ఆ మాట చెన్నకేశవులు గుండెలో దిగబడింది. నశ్యం డబ్బీని తానే లింగమ్మ చేతికిచ్చి, అడిగినా ఇయ్యొద్దన్నాడు. మూడుసార్లు అడిగాడనుకోండి, అది వేరే సంగతి.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు హాయిగా ఉంది. ముప్పై అయిదేళ్ళుగా "ఇదో", "ఏమయ్యో", "వినపడ్ల్యా?" అంటూ పిలిచిన లింగమ్మ, ఈ అయిదు రోజులుగా "పెద్దాయనా, నోరు తెరువు, గంజి పోస్తాండా" అంటోంది. ఆపరేషనుతో చూపు వచ్చేది ఏడో రోజున కావచ్చు, గౌరవం మాత్రం అప్పుడే వచ్చేసిందని ఆయన మురిసిపోయాడు. పక్కన పదకొండో మంచం మీది రోగికి ఎవరూ లేరట. పాపమని అతనికీ లింగమ్మే గంజి పోస్తోంది. "అన్నా, కొంచెం మింగు" అని అతన్ని బతిమాలుతుంటే, ఎంత మంచి మనసు నా పెండ్లానిది అనుకున్నాడు.

క్యాంపులో పేర్లతో పని లేదు. మెడలో అట్టముక్క మీద రాసిన నంబరే పేరు. మొదటి రోజే పదకొండో నంబరు గొంతు తగ్గించి "యా ఊరప్పా?" అని అడిగితే, చెన్నకేశవులు తడబడకుండా "పగిడ్యాల" అన్నాడు. సొంత ఎద్దును తానే కొన్నవాడు ఆళ్ళగడ్డ పేరు ఏ మొహంతో చెబుతాడు? పదకొండు తనది అహోబిలమన్నాడు. ఇద్దరూ అంతటితో ఊరుకున్నారు.

అయిదో రోజు మధ్యాహ్నం వసారా అంతా గురకలు పెడుతున్న వేళ, చెన్నకేశవులుకు మాత్రం నిద్ర పట్టలేదు.

"పదకొండూ, ఏమి చేస్తాండావ్?" అని గొణిగాడు.

"ఏముందప్పా చేసేకి! పండుకోనుండా."

"నాకు చేతులు గుంజుతాండాయి, పని ల్యాక."

"ఏం పని నీది?"

ఇక దాచుకోవడమెందుకనిపించింది చెన్నకేశవులుకు. "ఎద్దుల బేరం," అన్నాడు.

అవతలి నులకమంచం కిర్రుమంది. "నీ పాసుగూల! నాదీ అదే పనప్పా!"

ఇద్దరు దళారులు పక్కపక్కన పడుకుని అయిదు రోజులు గంజి గురించి మాట్లాడుకుంటూ గడిపారంటే అంతకన్నా దండగ ఇంకోటి ఉందా? చెన్నకేశవులు ఉత్సాహంగా, "చెయ్యి మరిచిపోకుండా ఒక బేరం ఆడదామా?" అన్నాడు.

"ఎద్దు యాడుంది?"

"ఎద్దు ల్యాకున్నా బేరముంటాది లే. ఎద్దును కండ్లారా చూసి నాకు రెండేండ్లాయ. తెల్లది అనుకో. నాలుగు పండ్లది."

"ఒంటి మీద సుళ్ళు?"

"సుళ్ళు మంచివే. ఇంట్లోకి అచ్చొచ్చేదే."

"తన్నుతాదా?"

"లేని ఎద్దు యాడ తన్నుతాదప్పా!"

పదకొండో నంబరుకు నవ్వొచ్చింది. నవ్వకూడదు కనుక ముక్కుతో మెల్లగా గాలి వదిలాడు. చెన్నకేశవులు గుండెల మీది తువ్వాలను తడుముకుంటూ రెండు మంచాల నడుమ పరిచి, ఎడమచెయ్యి కిందికి పోనిచ్చాడు. అవతలి కుడిచెయ్యి వచ్చి అందింది. ఆ స్పర్శకు ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. చెన్నకేశవులు చూపుడువేలు పట్టి నొక్కాడు. అవతలివాడు ఒప్పుకోకుండా ఇంకో వేలు ముందుకు తోశాడు. రెండు, మూడు. కాస్త బెట్టు చేసి చెన్నకేశవులు నాలుగో వేలికి పోయాడు.

పట్టు జారిపోయింది. చిటికెనవేలు సగంలోనే అయిపోయింది.

ఆయన మళ్ళీ తడిమాడు. రెండో కణుపు దగ్గర గుండ్రంగా, నున్నగా మానిన మొండి. ఆ మొండివేలిని ఈ భూమ్మీద ఎక్కడ తగిలినా ఆయన గుర్తుపడతాడు. పదిహేనేళ్ళ కింద అహోబిలం తిరునాళ్ళలో తువ్వాల కింద ఆ చేతినే పట్టుకున్నాడు. అంతకు ముందే ఎద్దు తలుగులో పడి ఆ వేలు సగం తెగిపోయి ఉంది. తువ్వాల తీశాక, నువ్వు పట్టింది నాలుగు వేళ్ళని ఆ చేతి మనిషి అన్నాడు. కాదు, మొండివేలు సగమే కనుక మూడున్నర అని చెన్నకేశవులు అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆళ్ళగడ్డలో పెద్దమనుషులు మూడుసార్లు కూర్చున్నారు. మొండివేలు వేలా కాదా అన్నది ఏ పెద్దమనిషీ తేల్చలేకపోయాడు. ఆ సగం వేలి పుణ్యమా అని లింగమ్మ పదిహేనేళ్ళుగా పుట్టింటి గడప తొక్కలేదు.

"శేషయ్యా?" అన్నాడు చెన్నకేశవులు.

అవతలి చెయ్యి చటుక్కున వెనక్కి పోబోయింది. ఈయన వదల్లేదు.

"నువ్వు... చెన్నకేశవులా? పగిడ్యాలంటివే!"

"నువ్వు అహోబిలం అంటివే!"

"ఎద్దుల దళారికి కండ్లు పొయినాయంటే నాకాడికి ఎవురొస్తారు? అందుకే చెప్పల్యా. నీకేమి ముప్పొచ్చె?"

తనకేమి ముప్పొచ్చిందో చెప్పడానికి చెన్నకేశవులు సిద్ధంగా లేడు. ఎద్దు కథ అవతలివాడికి తెలియకపోతే అంతకన్నా భాగ్యం లేదు. అందుకని ఎదురుదాడికి దిగాడు. లేచే వీలు లేదు, అరిచే వీలు లేదు, కోపంగా ఒక చూపు చూద్దామన్నా వీలు లేదు. పదిహేనేళ్ళ పగనంతా మొహాలు పైకప్పు వైపు పెట్టి గుసగుసల్లో తీర్చుకోవలసి వచ్చింది. పక్క మంచాల వాళ్ళు విన్నా, ఇద్దరు ముసలివాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకునేవాళ్ళు.

"దొంగలెక్క శేషయ్యా!"

"మూడున్నర చెన్నకేశవులూ!"

"సూదోన్ని పంపిచ్చి నా కన్ను పోగొట్టినావ్ గదరా!"

ఈ మాటకు ఆయన గుసగుస కట్టు తెంచుకుంది. మెడ లేచింది. ఒక ఇసుక సంచి దభీమని కింద పడింది. అదే క్షణంలో కుడికంట్లో కలుక్కుమంది. కట్టు కింద వెచ్చగా ఏదో కారింది.

చెన్నకేశవులు తల మళ్ళీ దిండు మీద పెట్టి బిగుసుకుపోయాడు. కోపం ఎటు పోయిందో పోయింది. తెగిందా? మిగిలిన ఆ ఒక్కటీ తెగిపోయిందా? చిన్నపిల్లవాడిలా భయమేసింది. "లింగమ్మా!" అని పిలిచాడు. పెరట్లో గంజి కాస్తున్న లింగమ్మ పరిగెత్తుకొచ్చింది, ఆమె కేకకు అబ్రహాము, అతని వెనకాలే డాక్టరమ్మ వచ్చారు.

డాక్టరమ్మ కట్టు మెల్లగా విప్పి, రెప్ప ఎత్తి, బ్యాటరీ లైటు వేసింది.  చెన్నకేశవులుకు చీకట్లో ఎర్రగా, వెచ్చగా, పొయ్యిలో నిప్పు కనబడ్డట్టు వెలుగు కనబడింది.

"ఎలుగమ్మా! ఎలుగు కనపడుతాంది!"

"కుట్టు నిలిచింది. కారింది కన్నీళ్ళే," అంది డాక్టరమ్మ కట్టు మళ్ళీ కడుతూ. "ఇంకోసారి ఇలా ఎగిరితే మాత్రం నా పూచీ లేదు. ఎందుకింత ఆవేశం? ఎడమకన్ను ఎలాగూ పోయింది. దీన్నయినా ఉంచుకోవాలని లేదా?"

"సూది పెట్టినప్పుడు బాగా కనపడెనే తల్లీ. మళ్ళెట్ల పాయ?" అన్నాడు దీనంగా.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. "కంటి లోపల తాటిముంజ లాంటిది ఒకటుంటుంది పెద్దాయనా. వయసులో ఉన్నప్పుడు నీళ్ళలా తేటగా ఉంటుంది. ముసలితనంలో అదీ ముదిరి తెల్లబడుతుంది. ముదిరిన ముంజ పసరు పోస్తే లేతదవుతుందా? తేనె పోస్తే అవుతుందా? తీసెయ్యడం ఒక్కటే దారి. సూదివాళ్ళు దాన్ని తియ్యరు, కంట్లోనే వెనక్కి తోస్తారు. వాకిట్లో అడ్డంగా చచ్చిపడిన పందికొక్కును బావిలోకి తోసినట్టు. దారి కనబడుతుంది, నాలుగు రోజులకు బావి చెడుతుంది. ఎండలో తలకు నీడ చూసుకోండి, కంట్లో ఆకు పసర్లు పోయకండి. అన్నిటికన్నా ముందు, చూపు మసకేస్తే దాచకండి."

దాచకండి అన్న మాట ఇద్దరు దళారులకూ సూటిగా తగిలింది.

ఆమె లేచి పోబోతూ, "ఈ పదకొండుకూ అదే కథ. మీ ఇద్దరి ఎడమకళ్ళూ ఒకే చేతి పనిలా ఉన్నాయి. ఎవడో వాడు దొరికితే బాగుండును," అంది.

ఆమె చెప్పుల చప్పుడు దూరమైంది. లింగమ్మ మాత్రం రెండు మంచాల నడుమ నిలబడిపోయింది.

"నీగ్గూడానా?" అన్నాడు చెన్నకేశవులు చివరికి.

"పదకొండు దినాలు కనపడె."

"నాకు పన్నెండు," అన్నాడు చెన్నకేశవులు. అందులోనూ ఒక రోజు పైచెయ్యిగా ఉన్నందుకు ఆయనకు కాస్త తృప్తి కలిగిందని దాచకుండా చెప్పాలి. "ఎవురు చెప్తే పొడిపిచ్చుకుంటివి?"

"నువ్వే."

"నేనా?"

"ఆళ్ళగడ్డ మీ బావే పంపినాడు నాయనా అని వాడు చెప్పె. పదైదేండ్లకు మా బావకు నేను గుర్తొచ్చినా అనుకుంటి. నీ పేరు చెప్పబట్టి కన్ను చూపిస్తి. ల్యాకుంటే ఆ నాయాలిని గడప తొక్కనిస్తానా? కన్ను పోయినాక, బావే కసితో చేపిచ్చినాడు అనుకున్యా." 

చెన్నకేశవులుకు తన కంట్లో సూది పెట్టిన రోజు గుర్తొచ్చింది. తనకూ అదే జరిగింది. దొర్నిపాడు బావ పంపాడన్న మాట విన్నప్పుడు, పైకి ఏమీ అనకపోయినా, కడుపులో ఎక్కడో చల్లగా అనిపించింది. ఆ చల్లదనం కోసమే పీట మీద కూర్చుని కన్ను అప్పగించాడు. పాపయ్యకు వైద్యం రాకపోవచ్చు గాని, ఏ ఇంట్లో ఎవరి కోసం బెంగ పెట్టుకున్నారో మాత్రం బాగా తెలుసు.

"నాకాడ నీ పేరు చెప్పె బావా," అన్నాడు. పదిహేనేళ్ళ తర్వాత ఆ మాట నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"ఏడ్వద్దండి!" అంది లింగమ్మ, తానే వెక్కుతూ. "ఇద్దరూ ఏడ్వద్దు. కుట్టు తెగుతాది."

"నీకు ముందే తెల్సా, మేమిద్దరం పక్కపక్కనుండేది?" అన్నాడు చెన్నకేశవులు.

"తెలీకేం? నిన్ను చేర్పిచ్చేటప్పుడే అన్నను ఈడ చూసి, నేనే అబ్రహాము కాళ్ళు పట్టుకోని మంచాలు ఏపిచ్చినా. ఇద్దరూ గుర్తుపట్టకూడదని నోరు కట్టుకోని, గొంతు తగ్గిచ్చి పెద్దాయనా, పెద్దాయనా అని పిలిస్తి."

చెన్నకేశవులుకు అయిదు రోజుల గౌరవం ఒక్కసారిగా కూలిపోయింది.

"కండ్లున్నన్ని దినాలు ఒకరి మొగం ఒకరు చూడకపోతిరి," అంటోంది లింగమ్మ. "కండ్లు కట్టేసినాకన్నా ఒకతాన పడుంటారని చేసినా. ఏం చేస్తారో చేసుకోండి. లేసి కొడ్తారా? లేయండి, సూస్తా!"

ఇద్దరూ కదల్లేదు. లింగమ్మ కింద పడిన ఇసుక సంచి తీసి మొగుడి చెవి పక్కన దభాలున పెట్టి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ మాడిపోతున్న గంజి దగ్గరకు పోయింది.

"దాన్ని మొదట్నించీ మా నాయన గారాబం చేసె," అన్నాడు శేషయ్య.

"తెల్సు లే. అనుభవిస్తాండా," అన్నాడు చెన్నకేశవులు. ఇద్దరూ ముక్కులతో మెల్లగా గాలి వదిలారు.

పొద్దు వాలుతుండగా వసారాలో కాళ్ళ చప్పుడైంది. అబ్రహామూ ఇంకెవరో కలిసి ఆపరేషను గదిలోంచి ఒక రోగిని మోసుకొచ్చి చెన్నకేశవులుకు కుడిపక్కన ఖాళీగా ఉన్న మంచం మీద పడుకోబెట్టారు. ఇసుక సంచులు పెట్టి, మెడలో అట్టముక్క తగిలించి, నియమాలు వల్లె వేశాడు అబ్రహాము. పదమూడో నంబరు మూలుగుతున్నాడు.

అబ్రహాము పోయాక ఆ మూలుగులోంచి మాటలు వచ్చాయి. "పక్కన ఎవురన్నా ఉండారా నాయనా?"

చెన్నకేశవులు ఆ గొంతు గుర్తుపట్టాడు. ఆ "నాయనా" ఆయన ఎడమకంట్లోకి సూదితోపాటు దిగిన నాయనా. ఎడమపక్క మంచం కూడా కిర్రుమంది. శేషయ్యకూ తెలిసిపోయింది.

"ఉండామప్పా," అన్నాడు చెన్నకేశవులు, తేనె పూసినట్టు. కోపం కూడదు. ఇంకా రెండు రోజులు కూడదు.

"నాకు శానా భయమైతాంది పెద్దాయనా. మూడొందల కండ్లకు సూది పెట్టినోన్ని. పక్కోని కండ్లల్లో పెట్టేటప్పుడు ఎన్నడూ చెయ్యి వణకల్యా. నా కంటికాడికొచ్చేతలికి ఒళ్ళంతా వణుకు. నా కన్ను ఉంటాదంటావా?"

అంతలో ఎడమపక్క తువ్వాల కింద ఒక చెయ్యి పాక్కుంటూ వచ్చి చెన్నకేశవులు అరచేతిలో చేరింది. బేరం దేని మీదో చెప్పనక్కర్లేదు. కట్టు విప్పిన పూట పాపయ్యకు తలా ఎన్ని తగిలించాలన్నదే బేరం. చెన్నకేశవులు ఒక వేలు నొక్కాడు. రెండు. మూడు. తర్వాత మొండివేలిని కూడా కలిపి గుప్పిట బిగించాడు.

"మూడున్నరనా?" అని ఊపిరితో అడిగాడు శేషయ్య.

"నాలుగు," అన్నాడు చెన్నకేశవులు. "మొండివేలు గూడా వేలే గదా బావా."

తువ్వాల కింద ఆ నాలుగు వేళ్ళూ ఆయన చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

సరిగ్గా అప్పుడే కుడిపక్క నుంచి ఇంకో చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి ఆయన కుడిచేతిని దొరకబుచ్చుకుంది. చల్లగా, చెమటతో తడిసి, వణుకుతోంది. సూదులు పట్టి పట్టి బొటనవేలు కాయకట్టి ఉంది.

"తెల్లారేదాకా వదలొద్దు పెద్దాయనా," అంది పాపయ్య గొంతు. "నాకెవురూ ల్యారు."

ఎడమచేతి బేరం కుదిరింది. కుడిచేతిని ఏం చెయ్యాలో మాత్రం చెన్నకేశవులుకు తోచలేదు.